పాత మోటారు సైకిలు స్పోకు చక్రాలను ఇంట్లోనే విప్పి తిరిగి అల్లుకునే విధానం

పాత మోటారు సైకిలును సొంతంగా బాగుచేసుకునేవారిలో ఇంజనును పూర్తిగా విప్పడానికి వెనుదీయనివారు కూడా స్పోకు చక్రం దగ్గరికి వచ్చేసరికి జంకుతారు. నిజానికి ఈ పనికి కండబలం గాని, ఖరీదైన పనిముట్లు గాని అక్కర్లేదు. ఏ పని తరువాత ఏ పని చేయాలో తెలిస్తే చాలు. విప్పే ముందు తీసుకోవలసిన కొలతలు తీసుకుని, సవరణలను వాటి వరుసలోనే చేసుకుంటూ వెళితే తొలిసారి అల్లేవారి చేతిలో కూడా చక్రం వంకర లేకుండా తిరుగుతుంది. వరుస తప్పినప్పుడు మాత్రం ఒక చోట వంపు తీస్తే మరో చోట వంపు పుట్టుకొస్తూ, చివరికి నిపుళ్ల (స్పోకు కొనను చక్రం అంచుకు బిగించే చిన్న నట్ల) అంచులు అరిగిపోయేదాకా పని తెమలదు.

ముందుగా స్పోకు చేసే పనేమిటో తెలుసుకోవాలి. స్పోకు సన్నని ఉక్కు తీగ. లాగితే అది ఎంతో బరువును ఆపుతుంది, నెడితే వెంటనే వంగిపోతుంది. అందుకే చక్రంలోని స్పోకులన్నింటినీ ముందే బిగలాగి ఉంచుతారు. బండి బరువు పడినప్పుడు నేలకు దగ్గరగా ఉన్న కొన్ని స్పోకుల బిగువు కొంత తగ్గుతుంది, చక్రం తిరిగి అవి పైకి వెళ్లగానే మళ్లీ పెరుగుతుంది. బిగువు తగినంత ఉన్న చక్రంలో ఈ హెచ్చుతగ్గుల మధ్య కూడా ఏ స్పోకూ పూర్తిగా సడలదు. బిగువు చాలని స్పోకు మాత్రం ప్రతి చుట్టులోనూ ఒకసారి సడలి, ఒకసారి గుంజుకుని, హబ్బు (చక్రం నడిమి దిమ్మ) దగ్గర వంపు తిరిగే మెడ వద్ద అలసి తెగిపోతుంది. ఒక స్పోకు తెగితే దాని పక్కవాటిపై భారం పెరుగుతుంది, తరువాత తెగేవి అవే. స్పోకులు హబ్బు నుంచి తిన్నగా కాక ఏటవాలుగా బయలుదేరడానికి కూడా కారణముంది. ఇంజను లాగుడూ బ్రేకు పట్టూ హబ్బును రిమ్ము (టైరు కూర్చునే వలయం) మీద మెలిపెట్టాలని చూస్తాయి. ఆ మెలిని ఆపడానికే సగం స్పోకులు ఒక దిక్కుకూ, మిగిలిన సగం ఎదురు దిక్కుకూ వాలి ఉంటాయి.

విప్పే ముందు తీసుకోవలసిన కొలతలు

టైరు, ట్యూబు, రిమ్ టేపు (నిపుళ్లు ట్యూబుకు గుచ్చుకోకుండా వేసే పట్టీ) తీసిన తరువాత, ఒక్క నిపులును కూడా కదపకముందే ఆఫ్‌సెట్ కొలవాలి. హబ్బు మధ్యగీతకూ రిమ్ము మధ్యగీతకూ మధ్య ఉండే పక్కవాటు దూరమే ఆఫ్‌సెట్. దీన్ని నేరుగా కొలవలేము కాబట్టి, బ్రేకు డ్రమ్ము అంచు మీద గాని, హబ్బు మీద చెక్కిన మరేదైనా చదునైన ముఖం మీద గాని ఒక నిటారైన ఇనుప పట్టీని అడ్డంగా ఆనించి, ఆ పట్టీ నుంచి రిమ్ము అంచు వరకు ఎన్ని మిల్లీమీటర్లు ఉందో చూడాలి. చక్రం అప్పటికే వంకరగా ఉంటే ఒక్క చోటి కొలత పనికిరాదు; ఒకదానికొకటి ఎదురుగా ఉండే నాలుగు చోట్ల కొలిచి సగటు తీసుకోవాలి. రిమ్ము హబ్బుకు సరిగ్గా నడిమధ్యన ఉండాలన్న నియమమేమీ లేదు. చైను పళ్లచక్రానికీ డ్రమ్ముకూ చోటివ్వడం కోసం వెనుక హబ్బులను తరచుగా ఒక పక్కకు జరిపి తయారుచేస్తారు. అయినా రిమ్ము మాత్రం బండి మధ్యగీతలోనే నడవాలి. ఈ కొలత తీయకుండా చక్రం విప్పినవారు తరువాత ఎంత నేర్పుగా వంపులు తీసినా, ముందు చక్రమూ వెనుక చక్రమూ వేరువేరు గీతల్లో నడుస్తాయి, బండి ఒక పక్కకు లాగుతుంది. చక్రాన్ని ఇంతకుముందే ఎవరో తప్పుగా అల్లి ఉంటారన్న అనుమానం ఉంటే సర్వీస్ మాన్యువల్‌లోని అంకెను నమ్మాలి. మాన్యువల్ దొరకకపోతే చక్రాన్ని ఫ్రేములో బిగించి, వెనుక చక్రాన్ని పట్టే స్వింగార్మ్ రెండు కొమ్మల నడుమ గాని, ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు రెండు కాళ్ల నడుమ గాని రిమ్ము ఎక్కడ నిలుస్తుందో కొలిచి నిర్ణయించుకోవాలి.

కొలత తరువాత ఫొటోలు. వాల్వు రంధ్రాన్ని పైకి ఉంచి, చక్రానికి ఎదురుగా నిలబడి రెండు పక్కల నుంచీ తీయాలి. వాల్వు రంధ్రానికి అటూ ఇటూ ఉన్న స్పోకులు హబ్బులో ఏ పక్క, ఏ రంధ్రం నుంచి వస్తున్నాయో, ఒక్కో స్పోకు ఎన్ని స్పోకులను దాటి వెళుతోందో, దాటేటప్పుడు వాటికి పైనుంచి వెళుతోందో కిందినుంచి వెళుతోందో దగ్గరగా తీసిన ఫొటోల్లో కనపడాలి. ఫొటోతో ఆగకుండా, వాల్వు పక్క స్పోకుకూ అది దూరిన హబ్బు రంధ్రానికీ ఒకే రంగు గుర్తు పెట్టుకోవడం మంచిది. రెండు చక్రాలనూ ఒకేసారి విప్పకుండా ఒకటి పూర్తయ్యేదాకా రెండోదాన్ని అలాగే ఉంచుకుంటే, ఏదైనా సందేహం వచ్చినప్పుడు చూసుకోవడానికి కనీసం ఒక నమూనా మిగులుతుంది. ముందు, వెనుక హబ్బులు ఒకే రకంగా ఉన్న బండ్లలో ఇది ఎంతగానో ఉపయోగపడుతుంది.

విప్పడానికి ఒక రోజు ముందే ప్రతి నిపులుకూ స్పోకు పక్క నుంచీ, రిమ్ము లోపలి పక్క నుంచీ తుప్పు వదిలించే నూనె వేయాలి. నిపుల్ కీ సరిగ్గా పట్టేదై ఉండాలి, వదులు కీ పెడితే మెత్తని ఇత్తడి నిపులు అంచులు మొదటి ప్రయత్నంలోనే గుండ్రబడతాయి. ఒకే చోట నాలుగైదు స్పోకులను పూర్తిగా వదులుచేస్తే మిగిలినవాటి లాగుడుకు రిమ్ము వంగుతుంది కాబట్టి, వాల్వు దగ్గర మొదలుపెట్టి అన్నింటినీ సగం చుట్టు చొప్పున వదులుచేస్తూ చక్రం చుట్టూ మళ్లీ మళ్లీ తిరగాలి. పట్టేసిన నిపుళ్లు ఉంటే, మిగిలినవన్నీ వదులైన తరువాతే ఆ స్పోకులను కత్తిరించాలి. బిగువు మీదున్న స్పోకును కోస్తే తెగిన ముక్క ఎగిరి వస్తుంది, రక్షణ కళ్లద్దాలు లేకుండా ఈ పని చేయకూడదు. కత్తిరించినా విప్పినా, ఫ్లాంజికి (స్పోకు రంధ్రాలుండే హబ్బు అంచుకు) లోపలి వైపు నడిచే లోపలి స్పోకు ఒకటి, బయటి వైపు నడిచే బయటి స్పోకు ఒకటి, ఎడమ పక్కవి, కుడి పక్కవి అంటూ ప్రతి రకానికీ ఒక నమూనాను నిపులుతో సహా చీటీ కట్టి దాచాలి. బ్రేకు డ్రమ్ము ఒక పక్కనే ఉండే హబ్బులో ఆ పక్క ఫ్లాంజి పెద్దది, ఆ స్పోకులు పొట్టివి. లోపలి, బయటి స్పోకుల మెడ వంపు కోణం కూడా ఒకటి కాదు, పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది.

రిమ్ము, హబ్బు, స్పోకుల పరిశీలన

విడిగా ఉన్న రిమ్మును చదునైన బండ మీద గాని, దళసరి గాజు మీద గాని పడుకోబెట్టి ఎక్కడైనా ఊగుతుందేమో చూడాలి. స్పోకులు లేకుండానే రిమ్ము చదునుగా, గుండ్రంగా ఉండాలి. వంగిన రిమ్మును స్పోకులతో లాగి తిన్నగా చేయవచ్చు, కొంతకాలం అది తిన్నగానే తిరుగుతుంది కూడా. కాని అలా లాగడానికి కొన్ని స్పోకులను అతిగా బిగించి, కొన్నింటిని దాదాపు వదులుగా వదిలేయాల్సి వస్తుంది, ముందు తెగేవి అవే. అందుచేత విడి రిమ్ములోనే రెండు మూడు మిల్లీమీటర్ల వంకర కనిపిస్తే దాన్ని పక్కన పెట్టడమే మేలని నా అభిప్రాయం. బయట క్రోమియం ఎంత మెరిసినా, తుప్పు అసలు తినేది లోపలి వైపు నిపులు కూర్చునే గుంటలనే. ఆ గుంటలను వైరు బ్రష్షుతో శుభ్రం చేసి, రంధ్రం అంచు నుంచి బయలుదేరే సన్నని పగుళ్లున్నాయేమో భూతద్దంతో చూడాలి. పగులు ఉంటే ఆ రిమ్ముకు వెల్డింగు చేయించే ఆలోచన పెట్టుకోకూడదు.

కొత్త రిమ్ము కొనేటప్పుడు వ్యాసం, వెడల్పు, రంధ్రాల సంఖ్య సరిపోతే చాలదు. మోటారు సైకిళ్లలో 36 లేదా 40 రంధ్రాల రిమ్ములు ఎక్కువగా కనిపిస్తాయి. పాత బ్రిటిష్ పద్ధతి రిమ్ముల మీద డబ్ల్యూఎం2-19 అని ఉంటే వెడల్పు 1.85 అంగుళాలు, వ్యాసం 19 అంగుళాలు అని అర్థం. డబ్ల్యూఎం1 అయితే వెడల్పు 1.60, డబ్ల్యూఎం3 అయితే 2.15 అంగుళాలు. వీటికి తోడు రంధ్రాల వాలు కూడా హబ్బుకు తగినట్టుండాలి. రిమ్ము రంధ్రాలను నిలువుగా తొలచరు. ఏ రంధ్రం ఏ ఫ్లాంజి వైపు, ముందుకో వెనుకకో ఎంత వాలుగా చూడాలో ముందే లెక్కించి గుంట కొట్టి తొలుస్తారు. పెద్ద డ్రమ్ము హబ్బు కోసం తొలచిన రిమ్మును చిన్న హబ్బుకు వాడితే నిపులు ఒక దిక్కు చూస్తుంది, స్పోకు మరో దిక్కుకు వెళుతుంది. నిపులు నోటి దగ్గర స్పోకుకు చిన్న వంపు పడుతుంది. చూడటానికి అల్పంగా ఉండే ఆ వంపు దగ్గరే, మర మొదలయ్యే చోట, స్పోకు తెగుతుంది.

హబ్బులో ఫ్లాంజి రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలో సాగి ఉన్నాయేమో, రంధ్రానికీ అంచుకూ మధ్య పగులు ఉందేమో చూడాలి. డ్రమ్ము అరుగుదల పరిమితి చాలా హబ్బుల్లో లోపలే పోతపోసి ఉంటుంది. అంతకు మించి అరిగిన హబ్బుకు కొత్త స్పోకులు వేయడం డబ్బు వృథా. రంగు వేయిస్తే డ్రమ్ము లోపలి ముఖాన్ని, బేరింగు గూళ్లను, స్పోకు రంధ్రాలను, స్పోకు తలలు ఆనే చోట్లను తప్పకుండా కప్పి ఉంచాలి. పౌడర్ కోటింగ్ దళసరిగా ఉంటుంది. స్పోకు తల దాని మీద కూర్చుంటే నడిచేకొద్దీ ఆ పూత నలిగి, బిగువంతా జారిపోతుంది. కొత్తగా పూత వేసిన చక్రాలు వారం తిరక్కముందే వదులవుతున్నాయని చెప్పుకునే సందర్భాల్లో మొదట అనుమానించవలసింది దీన్నే.

బేరింగులను అల్లే ముందే మార్చుకోవాలి, ఎందుకంటే తరువాతి సవరణలన్నీ వాటి మీద తిప్పి చూసేవే. అల్యూమినియం హబ్బును సుమారు 100 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేస్తే బేరింగు తక్కువ బలంతోనే దిగుతుంది. దించేటప్పుడు దాని బయటి వలయం మీదే ఒత్తాలి, లోపలి వలయం మీద సుత్తి వేస్తే గుండ్లు నడిచే దారిలో నొక్కులు పడతాయి. రెండు బేరింగుల మధ్య ఉండే గొట్టాన్ని మరచిపోకూడదు, అది లేకుండా యాక్సిల్ నట్టు బిగిస్తే బేరింగులు పక్కవాటుగా నలిగిపోతాయి.

స్పోకుల విషయంలో పొదుపు మంచిది కాదు. తుప్పు పట్టిన పాత స్పోకులకు మళ్లీ పూత వేయించి వాడాలని కొందరు చూస్తారు. విద్యుత్తుతో పూత వేసేటప్పుడూ, అంతకుముందు ఆమ్లంలో కడిగేటప్పుడూ బలమైన ఉక్కులోకి హైడ్రోజన్ చేరి దాన్ని పెళుసు చేస్తుంది. పూత అయిన వెంటనే గంటల తరబడి కాల్చి ఆ హైడ్రోజన్‌ను వెళ్లగొట్టకపోతే స్పోకు ఏ హెచ్చరికా లేకుండా విరుగుతుంది. పైగా పాత స్పోకు మెడలో ఎంత అలసట పేరుకుందో కంటికి కనిపించదు. కొత్తవాటిని ఎన్నుకునేటప్పుడు మర కోసినది గాక ఒత్తినది కావాలని అడగాలి. ఒత్తిన మరలో లోహం తెగదు కాబట్టి బలం నిలుస్తుంది. స్పోకు మందాన్ని పాత పద్ధతిలో గేజిలో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది: 8 గేజి 4.06, 9 గేజి 3.66, 10 గేజి 3.25 మిల్లీమీటర్లు. స్టెయిన్‌లెస్ స్పోకులు తుప్పు పట్టవు గాని, వాటికి స్టెయిన్‌లెస్ నిపుళ్లు వేస్తే మరలు ఒకదాన్నొకటి కరచుకుని పట్టేస్తాయి. నికెల్ పూత ఉన్న ఇత్తడి నిపుళ్లే వాటికి మంచి జోడీ.

పొడవును మెడ వంపు లోపలి అంచు నుంచి మర కొన దాకా కొలుస్తారు. పాత రిమ్మే వాడుతుంటే నమూనా స్పోకుల కొలత చాలు. రిమ్ము మారితే నిపులు కూర్చునే చోటి వ్యాసం పాతదానికీ కొత్తదానికీ ఎంత తేడా ఉందో చూడాలి. ఆ వ్యాసం 4 మిల్లీమీటర్లు మారితే స్పోకు పొడవు దాదాపు 2 మిల్లీమీటర్లు మారుతుంది.

అల్లిక

ఫ్లాంజికి లోపలి వైపున నడిచే స్పోకును లోపలి స్పోకు అనీ, బయటి వైపున నడిచేదాన్ని బయటి స్పోకు అనీ ఇక్కడ పిలుద్దాం. లోపలి స్పోకు తల ఫ్లాంజి బయటి ముఖాన కనిపిస్తుంది, బయటి స్పోకు తల లోపల దాగుతుంది. 36 రంధ్రాల చక్రమైతే ఒక్కో ఫ్లాంజిలో 18 స్పోకులు, వాటిలో తొమ్మిది లోపలివి, తొమ్మిది బయటివి. 40 రంధ్రాల చక్రంలో ఈ లెక్క పదీ పది. దీన్నిబట్టి రిమ్ములో ప్రతి నాలుగు రంధ్రాలు ఒక గుంపు: ఎడమ లోపలిది, కుడి లోపలిది, ఎడమ బయటిది, కుడి బయటిది. వీటి వరుస బండిని బట్టి మారుతుంది కాని, నాలుగేసి చొప్పున తిరిగి రావడం మారదు. ఈ ఒక్క సంగతి పట్టుబడితే అల్లిక మొత్తం పట్టుబడినట్టే.

హబ్బును బల్ల మీద నిలిపి, స్పోకులన్నింటినీ ముందే వాటి రంధ్రాల్లోకి దూర్చుకోవాలి. కొన్ని హబ్బుల్లో రిమ్ము అమర్చాక కొత్త స్పోకును దూర్చడానికి సందు మిగలదు. తరువాత రిమ్మును చుట్టూ పెట్టి, వాల్వు రంధ్రాన్ని గుర్తు పెట్టిన చోటికి తేవాలి. రిమ్ము ఏ ముఖం ఎటుండాలో తెలియనప్పుడు ఒక స్పోకుకు నిపులు ఎక్కించి, దాన్ని రిమ్ము రంధ్రంలో వదులుగా ఉంచితే అది తనంతట తానే ఏదో ఒక ఫ్లాంజి వైపు వాలుతుంది. పక్క రంధ్రంలో పెట్టిన స్పోకు రెండో ఫ్లాంజి వైపు వాలుతుంది. ఈ వాలు ఫొటోతో సరిపోతే రిమ్ము సరైన ముఖాన ఉన్నట్టు.

మొదట ఒక పక్క లోపలి స్పోకులను కట్టాలి. వాల్వు పక్కన గుర్తు పెట్టిన స్పోకుతో మొదలై, ఫ్లాంజిలో ఒక రంధ్రం విడిచి ఒకటి, రిమ్ములో ప్రతి నాలుగో రంధ్రం చొప్పున వెళ్లాలి. తరువాత రెండో పక్క లోపలి స్పోకులు. అప్పటికి రిమ్ములో సగం రంధ్రాలు నిండుతాయి. హబ్బును చేత్తో కొద్దిగా తిప్పి, లోపలి స్పోకులు వాలవలసిన దిక్కుకే వాలాయో లేదో చూసుకుని, ఆ తరువాతే బయటి స్పోకులను ఎదురు దిక్కుకు వంచి, లోపలివాటి మీదుగా దాటించి కట్టాలి. ఒక్కోటి ఎన్నింటిని దాటాలో ఫొటో చూసి లెక్కపెట్టుకోవాలి. ప్రతి మరకూ ఒక చుక్క నూనె గాని, పట్టేయకుండా కాపాడే గ్రీజు గాని రాసి, ఈ దశలో నిపులును చేత్తో మూడు నాలుగు చుట్లు మాత్రమే తిప్పాలి. మొదట కట్టినవాటిని బిగిస్తే చివరివి అందవు.

అన్నీ కట్టాక, రిమ్ము లోపలి పక్క నుంచి స్క్రూడ్రైవరుతో ప్రతి నిపులునూ స్పోకు మర సరిగ్గా దాగేంత వరకు తిప్పాలి. అంటే నిపులు మెడ అంచు దగ్గర ఒక్క మర గీత కూడా బయటికి కనపడకూడదు, అక్కడి నుంచి అదనంగా పావు చుట్టు కూడా తిప్పకూడదు. అన్ని నిపుళ్లకూ ఒకే ప్రారంభ స్థానం దొరికేది ఇక్కడే. ఈ ఓపిక చూపితే చక్రం దాదాపు గుండ్రంగానే వస్తుంది, తరువాత సవరణ పని సగానికి తగ్గుతుంది. ఈ దశలో కొన్ని స్పోకులు అందకుండా ఉండి, కొన్ని నిపులు తలను దాటి పొడుచుకొస్తుంటే ఎక్కడో ఒక పొట్టి స్పోకూ ఒక పొడుగు స్పోకూ తారుమారై ఉంటాయి, లేదా ఒక రంధ్రం దాటిపోయి ఉంటుంది. బలవంతంగా బిగించకుండా విప్పి చూడాలి.

వంపులు తీయడం

చక్రం తిప్పి చూసే స్టాండు ఉంటే సౌకర్యమే. లేకపోతే బండి స్వింగార్మ్ గాని ఫోర్కు గాని అదే పని చేస్తుంది. సూచికగా డయల్ గేజి వాడవచ్చు గాని, గుంటలు పడిన పాత క్రోమియం మీద దాని ముల్లు అనవసరంగా గెంతుతూ తికమక పెడుతుంది. రిమ్ముకు మిల్లీమీటరు దూరంలో బిగించిన ఒక గట్టి తీగ, సందు కొలవడానికి ఒక ఫీలర్ గేజి ఉంటే ఇంటి పనికి అంతకన్నా అక్కర్లేదు.

మొదట వాల్వు నుంచి మొదలుపెట్టి అన్ని నిపుళ్లనూ ఒక్కో చుట్టు, తరువాత సగం చుట్టు చొప్పున, స్పోకులు వేలితో నొక్కితే కాస్త ఎదురు చెప్పేంత వరకు బిగించాలి. బిగువు ఇంకా తక్కువగా ఉండగానే ముందు తీయవలసింది ఎగుడుదిగుడు, అంటే చక్రం తిరిగేటప్పుడు రిమ్ము ఇరుసుకు దగ్గరగా, దూరంగా గెంతే దోషం. చాలామంది కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే పక్క వంపుతో మొదలుపెడతారు. పక్క వంపు ఎంత బిగువులోనైనా పావు చుట్లతో లొంగుతుంది, ఎగుడుదిగుడు మాత్రం బిగువు పెరిగాక మొండికేస్తుంది. పైగా దాన్ని తీసే ప్రయత్నంలో అంతకుముందు తీసిన పక్క వంపు మళ్లీ వస్తుంది. రిమ్ము బయటికి పొంగిన చోట స్పోకులను బిగిస్తే ఆ చోటు లోపలికి దిగుతుంది. లోపలికి కుంగిన చోట వదులుచేస్తే పైకి లేస్తుంది. ఎడమవీ కుడివీ సమానంగా తిప్పాలి. పొంగు నడుమ సగం చుట్టు, దాని అంచుల్లో పావు చుట్టు చొప్పున తిప్పి, ప్రతిసారీ చక్రాన్ని తిప్పి చూడాలి.

తరువాత ఆఫ్‌సెట్. మొదట రాసుకున్న కొలతకు పట్టీ ఆనించి చూసి, రిమ్ము ఎడమకు జరగాలంటే ఎడమ ఫ్లాంజి స్పోకులన్నింటినీ సగం చుట్టు బిగించి, కుడి ఫ్లాంజివాటిని సగం చుట్టు వదులుచేయాలి. ఇక్కడ ఒకటి రెండు స్పోకులతో పని జరగదు, మొత్తం చక్రమే జరగాలి.

పక్క వంపు మూడోది. రిమ్ము కుడికి వాలిన చోట కుడి స్పోకులను పావు చుట్టు వదులుచేసి, ఎడమవాటిని పావు చుట్టు బిగించాలి. బిగించడం, వదులుచేయడం సమానంగా ఉంటే గుండ్రతనం చెడదు. వంపు తీసేటప్పుడు ఎప్పుడూ ముందు వదులుచేసి ఆపైన బిగించాలి. బిగిస్తూనే పోతే చక్రం మొత్తం బిగువు తెలియకుండానే హద్దు మీరుతుంది. ఈ మూడూ ఒకసారితో పూర్తికావు. పక్క వంపు తీశాక మళ్లీ ఎగుడుదిగుడు చూసి, మళ్లీ ఆఫ్‌సెట్ కొలిచి, తేడా తగ్గేకొద్దీ సవరణలను చిన్నవి చేసుకుంటూ రావాలి.

ఎంత వరకు తీయాలన్నదానికి హద్దు ఉంది. ఎగుడుదిగుడుకూ పక్క వంపుకూ చాలా సర్వీస్ మాన్యువళ్లు 2 మిల్లీమీటర్లను ఆఖరి పరిమితిగా చెబుతాయి. అది అరిగిన చక్రం ఇంకా నడవవచ్చునని చెప్పే అంకె మాత్రమే. కొత్తగా అల్లినదానికి లక్ష్యం కాదు. కొత్త రిమ్ములో అర మిల్లీమీటరు లోపుకు తేవడం సాధ్యమే, మంచి స్థితిలో ఉన్న పాత రిమ్ముకు ఒక మిల్లీమీటరు చాలు. ఉక్కు రిమ్ములో వెల్డింగు అతుకు దగ్గర చిన్న బొడిపె గాని పల్లం గాని దాదాపు ఎప్పుడూ ఉంటుంది. అది రిమ్ము లోహంలోనే ఉన్న దోషం. సూచికను ఆ వేలెడు చోట పట్టించుకోకుండా వదిలేయాలి, లేకపోతే అతుకు కోసం చుట్టుపక్కల స్పోకులన్నీ పాడవుతాయి.

బిగువు

తిన్నగా తిరిగే ప్రతి చక్రమూ గట్టి చక్రం కాదు. మాన్యువళ్లు స్పోకు బిగువును ఎక్కువగా 3 నుంచి 5 న్యూటన్ మీటర్ల మధ్య చెబుతాయి. మీ బండికి వేరే అంకె ఉంటే దాన్నే పాటించాలి. టార్క్ కీ (పెట్టిన అంకె రాగానే టక్కుమనే కీ) ఉన్నప్పుడు వరుసగా పక్కపక్కవాటిని కాక, ప్రతి నాలుగో స్పోకు చొప్పున బిగిస్తూ నాలుగు చుట్లలో అన్నింటినీ పూర్తిచేస్తే రిమ్ము ఒక పక్కకు లాగదు. మర పొడిగా ఉన్న నిపులు దగ్గర టార్క్ కీ అబద్ధం చెబుతుంది, బిగువు రాకముందే రాపిడి వల్లే టక్కుమంటుంది. అందుకే కీ ఉన్నా చెవిని కూడా వాడాలి. చిన్న పానాతో స్పోకు నడుమ తేలికగా తట్టితే బిగువున్నది తీగలా మోగుతుంది, వదులుగా ఉన్నది దబ్బుమని మొద్దుగా పలుకుతుంది. పొట్టి స్పోకుల స్వరం, పొడుగువాటి స్వరం వేరుగా ఉంటాయి కాబట్టి ఒకే పక్క, ఒకే రకం స్పోకులను మాత్రమే పోల్చుకోవాలి. ఒక స్పోకు మొద్దుగా పలికితే వదులుగా ఉందని వెంటనే నిర్ణయించకుండా, దాటే చోట పక్కదానికి ఆని ఉందేమో చూడాలి.

ఇక్కడ చాలామంది వదిలేసే పని ఒకటుంది. కొత్త స్పోకు తల ఫ్లాంజిలో పూర్తిగా కూర్చోదు, మెడ కూడా ఫ్లాంజి అంచుకు ఆనకుండా కాస్త పైకి విల్లులా లేచి ఉంటుంది. ఇత్తడి పంచ్ పెట్టి ప్రతి తల మీదా తేలికపాటి సుత్తితో ఒక దెబ్బ వేయాలి. తరువాత చేతి తొడుగులు వేసుకుని, ఒకే పక్క సమాంతరంగా నడిచే స్పోకులను రెండేసి చొప్పున నడుమ పట్టుకుని గట్టిగా పిండాలి. అప్పుడు చిటపటమన్న చప్పుడు వినిపిస్తుంది, తలలు సర్దుకుంటున్న చప్పుడే అది. ఇలా చక్రమంతా తిరిగాక తట్టి చూస్తే స్వరాలు కొద్దిగా దిగి ఉంటాయి. మళ్లీ పావు చుట్టు బిగించి, వంపులు చూసి, మళ్లీ పిండాలి. పిండినా స్వరం దిగకపోతే చక్రం స్థిరపడినట్టు. ఈ పని బల్ల మీద చేయకపోతే రోడ్డు మీద చక్రమే తనంతట తాను చేసుకుంటుంది, అప్పుడు వదులయ్యేది మీ కిందనే.

డ్రమ్ము బ్రేకు చక్రమైతే బిగువంతా వచ్చాక డ్రమ్ము గుండ్రతనాన్ని మరోసారి చూడాలి. స్పోకుల లాగుడుకు పలుచని డ్రమ్ము కొద్దిగా సాగి గుండ్రతనం తప్పవచ్చు. బ్రేకు ప్లేటు పెట్టి తేలికగా బ్రేకు ఆనిస్తూ చక్రం తిప్పితే ఒకే చోట గీకుతున్నట్టు తెలుస్తుంది. డ్రమ్మును లేతు మీద చెక్కించవలసి ఉంటే, అరుగుదల పరిమితి దాటకుండా, చక్రం అల్లి బిగించిన తరువాతే చెక్కించాలి. ముందే చెక్కిస్తే అల్లాక మళ్లీ తప్పుతుంది.

టైరు ఎక్కించే ముందూ, ఎక్కాకా

నిపులు తలను దాటి వచ్చిన ప్రతి స్పోకు కొననూ ఆకురాయితో గాని, చిన్న గ్రైండరుతో గాని నిపులు తలకు సమంగా చేసి, పొడి లోహం పూర్తిగా తుడిచి, వేలితో తడిమి చూడాలి. వేలికి గుచ్చుకునేది ట్యూబుకూ గుచ్చుకుంటుంది. మూడు నాలుగు మిల్లీమీటర్లు పొడుచుకొచ్చినవి చాలా ఉంటే స్పోకులు పొడవెక్కువైనట్టు. నిపులు మర అయిపోయి గట్టిగా అనిపించిన బిగువు అసలు బిగువు కాకపోవచ్చు కాబట్టి, వాటిని మార్చాలి. రిమ్ టేపు కొత్తది వేసి, దాని రంధ్రం వాల్వు రంధ్రానికి సరిగ్గా వచ్చేలా చూసుకోవాలి. టైరు పక్కన తిరిగే దిక్కును చూపే బాణం గుర్తు ఉంటే దాన్ని పాటించి, టైరు ఎక్కాక చక్రాన్ని ఇరుసు మీద స్వేచ్ఛగా వదిలి, ఎప్పుడూ కిందికి వచ్చి ఆగే బరువైన చోటుకు ఎదురుగా స్పోకులకు బ్యాలెన్సు బరువులు బిగించాలి.

మొదటి చిన్న ప్రయాణం తరువాత, ఆ తరువాత సుమారు 100 కిలోమీటర్ల దగ్గర, మళ్లీ 500 దగ్గర స్పోకులను తట్టి చూడాలి. కొద్దిగా దిగినవాటిని పావు చుట్టు బిగిస్తే సరిపోతుంది. అయితే టైరు ఉండగా నిపులును సగం చుట్టుకు మించి తిప్పవలసి వస్తే గాలి తీసి, టైరు విప్పి, స్పోకు కొన ఎక్కడి దాకా వచ్చిందో చూడకుండా తిప్పకూడదు. ఒకే స్పోకు మళ్లీ మళ్లీ వదులవుతుంటే దాన్ని బిగిస్తూ పోవడం వల్ల లాభం లేదు. ఆ నిపులు గుంటలో పగులు గాని, ఫ్లాంజి రంధ్రంలో పూత గాని, మర చెడిన నిపులు గాని ఉందని అనుకుని అక్కడ విప్పి చూడాలి. వరుసగా మూడు నాలుగు వదులైతే ఆ చోట రిమ్ముకు దెబ్బ తగిలిందేమో చూడాలి. ఒక ఫ్లాంజి బయటి స్పోకులు మాత్రమే వదులైతే వాటి మెడ వంపు ఆ హబ్బుకు సరిపోనిదై ఉండవచ్చు, అదే అయితే ఆ రకం స్పోకులను మాత్రం వేరే కోణంలో తెప్పించుకుని మళ్లీ అల్లుకోవాలి.